గోపురము – పర్ణశాల

భగవంతునికై చేయు పని ఒక వైపునకును, ఇంటివారికి ఇచ్చిన మాట వేరొక వైపునకును లాగునప్పుడు గృహస్థుడు దేనిని పట్టవలెను, దేనిని విడువవలెను? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. వైరాగ్యమును బోధించు పెద్దలు దీనిని ఒక్క మాటతో తేల్చివేయుదురు. సంసారమున మునిగినవారు దీనిని తలపెట్టనే తలపెట్టరు. ఈ రెంటికి నడుమ నున్నవాడు గృహస్థుడు. గోపురము కట్టు స్థపతి విషయమున ఈ చిక్కు మిక్కిలి స్పష్టముగా కనబడును గనుక ఆ ఉదాహరణమునే గైకొందము.

ఒక స్థపతి కలడనుకొందము. ఏడంతస్తుల రాజగోపురము ఆతని చేతిలో నున్నది. అయిదవ అంతస్తు వరకు పని సాగినది. ఇల్లు విడిచి వచ్చి రెండేండ్లయినది. నడుమ పండుగలకు పోయివచ్చుట తప్ప ఇంట నిలిచినది లేదు. ఈ కార్తికమున భార్యాబిడ్డలతో భద్రాచలము పోయి, రామదర్శనము చేసికొని, అచ్చటికి సుమారు 35 కిలోమీటర్ల దూరమున గోదావరి యొడ్డున నున్న పర్ణశాలను సేవించి, ఆ చేరువ బంధువుల తోటలో ఒక తాటాకుపాకలో పది దినములు గడిపి, ఉసిరిచెట్టు క్రింద వనభోజనము చేసి వత్తమని మాట యిచ్చెను. పిల్లలు దినములు లెక్కించుచున్నారు. ఇంతలో పని చిక్కుపడినది. ఒక మూల కొలత తప్పినది. పరంజా విప్పి మరల కట్టవలసి వచ్చినది. చేయి తిరిగిన పనివారిద్దరు జబ్బుపడి ఊరికి పోయిరి. మహాసంప్రోక్షణ ముహూర్తమా, ఆహ్వానపత్రికలలో అచ్చుపడినది. ఇప్పుడాతడు పోవలెనా, మానవలెనా?

ఆతడు వర్తకుడైనచో చిక్కు ఇంత యుండదు. అంగడి కొరకు పిల్లలకిచ్చిన మాట తప్పెనేని ఇల్లాలు నిలదీసి అడుగును. ఇరుగుపొరుగు కూడ ఆమె పక్షమునే పలుకుదురు. కాని "స్వామి కైంకర్యము" అన్నంతనే ఆమె నోరు మూతపడును. దేవుని పనికి అడ్డుపడితినన్న పాపము తన కెక్కడ చుట్టుకొనునో యని ఆమె భయము. బిడ్డలకును అదియే నేర్పును. ఈ విధముగా పవిత్రమైన పనియే ప్రశ్నింపరాని పని యగును. అసలు చిక్కిచ్చట నున్నది. ఎదిరి నోరెత్తలేని కారణమును చెప్పి మాట తప్పువాడు, నోరెత్తదగిన కారణమును చెప్పి తప్పువాని కంటె ఎక్కువ జాగరూకుడై యుండవలసినవాడు.

కైంకర్యమునకు విరామము లేదనువారు లక్ష్మణస్వామిని చూపుదురు. ఆయన పదునాలుగేండ్లు అన్నగారి సేవలో నిదురను, ఇంటిని, ఇల్లాలిని మరచెననియు, శేషత్వమునకు ఆయనయే పరమదృష్టాంతమనియు చెప్పుదురు. నిజమే. కాని లక్ష్మణుడు ఊర్మిళకు పది దినములని మాట యిచ్చి తప్పినవాడు కాడు. ఆయన పూనినది ఆజన్మవ్రతము. అంతటి వ్రతమును తలదాల్చినవాని మాట వేరు, కూలి కుదుర్చుకొని పనికి వచ్చిన గృహస్థుని మాట వేరు. అదియునుగాక, వాల్మీకి ఊర్మిళను గూర్చి చెప్పినది స్వల్పమే యైనను తెలుగునాటి స్త్రీలు ఆ లెక్కను మరువలేదు. "ఊర్మిళాదేవి నిద్ర" యను పాటను తరతరములుగా ఇండ్లలో పాడుకొనుచు వచ్చిరి. అందు పదునాలుగేండ్లు నిదురలో నున్న ఊర్మిళ, తిరిగి వచ్చిన భర్తను గుర్తింపజాలక పరపురుషుడనుకొని బెదరును. పండితులు దీనిని పురాణమునకు తరువాతి కల్పనమనవచ్చును. అయినను దూరదేశమున పనిచేసి వచ్చిన తండ్రిని చూచి పసిబిడ్డ తల్లి కొంగు చాటున దాగుట ఎన్ని యిండ్లలో జరుగుట లేదు!

లక్ష్మణుని కంటె మనకు దగ్గరివాడు, గృహస్థుడై కైంకర్యము చేసినవాడు, అనంతాళ్వాను. ఆయన చరిత్రమును ఎరుగని తిరుమల యాత్రికుడు ఉండడు. శ్రీమద్రామానుజుల ఆజ్ఞచే, చలికి వెరవక, తిరుమలలో పుష్పకైంకర్యమునకు పూనుకొని, పూదోట పెంచి, ఆ తోటకు నీటికొరకు చెరువు త్రవ్వ నారంభించెను. సాయమెవ్వరిని కోరలేదు. తాను గడ్డపారతో త్రవ్వుట, భార్య తట్టతో మట్టి మోసి పారవేయుట. ఆమె అప్పుడు నిండు గర్భిణి. ఒక బాలుడు వచ్చి తానును మోతునని అడుగగా అనంతాళ్వాను ఒల్లననెను. ఈ పుణ్యము పంచుకొన తగినది కాదని ఆయన భావము. బాలుడు ఊరకుండక, ఆయన కంటికి మరుగైన చోట, ఆ తల్లి నెత్తిమీది తట్టను తానందుకొని మట్టి పోసి వచ్చుచుండెను. ఆమె ఇంత త్వరగా తిరిగి వచ్చుటకు కారణము తెలిసి ఆయన కోపించి గడ్డపారను విసరెను. అది బాలుని గడ్డమునకు తగిలెను. బాలుడు ఆలయములోనికి పరుగెత్తెను. గర్భాలయమున స్వామి గడ్డమునుండి రక్తము కారుచుండుట చూచి అందరును నిశ్చేష్టులైరి. అనంతాళ్వాను ఏడ్చుచు పచ్చకర్పూరము నద్దెను. నేటికిని స్వామి గడ్డమునకు పచ్చకర్పూరము నలంకరింతురు. ఆ గడ్డపార మహాద్వారము వద్ద గోడపై వ్రేలాడుచు గోపురము దాటి లోనికేగు ప్రతి భక్తుని కంటబడుచునే యున్నది.

ఈ కథను పిల్లలకు చెప్పువారు గడ్డపారను, రక్తమును, కర్పూరమును చెప్పుదురు. తట్టను గూర్చి తక్కువగా చెప్పుదురు. స్వామి సాయమునకు వచ్చినది ఎవరికి? త్రవ్వుచున్న భక్తునికి కాదు. ఆయన గడ్డపారను పట్టలేదు. మోయలేక మోయుచున్న ఇల్లాలి తట్టను పట్టెను. ఆమె పిలువలేదు, భర్తతో అలసితినని అనలేదు. అనంతాళ్వాను వంటి మహాభక్తుని కంటికి కూడ, పని మీది ధ్యాసలో, ఆ అలసట కనబడలేదు. భక్తి తక్కువై కాదు, ఎక్కువయ్యే కనబడలేదు. తన కొరకు త్రవ్వుచున్న చెరువు కంటె, దానికై అలసిన గర్భిణి స్వామికి ముందు కనబడెను. కైంకర్యము చేయు గృహస్థుడు ఈ కథను తన వైపునుండి గాక తట్ట వైపునుండి ఒకమారు చదువుకొనదగును. కైంకర్యమునకు ఫలము నాశించుట తగదందురు గదా. ఇంటివారి ఓర్పును మూలధనముగా పెట్టి చేసిన కైంకర్యమున కీర్తి మాత్రము ఒక్కనిదే యగుట ఏ విధమైన నిష్కామత్వము?

ఇక గోపుర నిర్మాణమను పని తత్త్వమేమో కూడ కొంత తెలిసికొనవలెను. గోపురమునకు క్రింది భాగము, అనగా ఉపపీఠము, అధిష్ఠానము, గోడలు, ప్రస్తరము, సాధారణముగా రాతితో కట్టుదురు. దానిపై అంతస్తులన్నియు ఇటుకతోను గారతోను లేచును. పైకి పోయిన కొలది ప్రతి అంతస్తును కొలత ప్రకారము తగ్గును. రాయి పైవరకు పెట్టినచో పునాది మోయజాలదని పెద్దలు కనుగొన్న ఉపాయమిది. పైన శాలాకారమైన శిఖరము, దానిపై బేసి సంఖ్యలో కలశములు. బొమ్మలన్నియు గారతో చేతితో తీర్చినవే. పూర్వము సున్నమును నీటిలో విరిచి, దినముల తరబడి మాగనిచ్చి, ఇసుకతో గానుగలో నూరి, కరక్కాయ నీటిని బెల్లమును చేర్చి వాడెడివారు. ఇట్టి సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని గట్టిపడును. ఒక పూత ఆరక ముందే మరియొక పూత వేసినచో అది పగులును. నేడు సిమెంటు వచ్చినది. అదియును తడి తగులుచునే యుండవలెను, 28 దినములు నిండినగాని లెక్కకు వచ్చు బలమును పొందదు. అనగా గోడ గట్టిపడునది మేస్త్రీ తాపీ తగులుచున్నప్పుడు కాదు, తాపీ ప్రక్కన పెట్టిన పిమ్మట. పనిలోనే విరామము కూడ కలిసియున్నది. దానిని తొలగించి తొందరపెట్టినవాడు పనిని చెరిపినవాడగును.

పూర్వులీ సంగతి నెరిగియే కాబోలు, విశ్వకర్మ కులములవారు అనేక ప్రాంతములలో అమావాస్య నాడు ఉలి పట్టరు. ఆయుధపూజ నాడు పనిముట్లను కడిగి కుంకుమ పెట్టి ఊరక యుంచుదురు. ఉలికే సెలవున్నప్పుడు ఉలి పట్టిన చేతికి ఉండరాదా? నూరడుగుల ఎత్తున సరివికఱ్ఱల పరంజాపై నిలుచువాని మనస్సు ఇంటి మీద నున్నచో అది ఆతని ప్రాణమునకే గాక క్రింద నున్నవారి ప్రాణములకును ముప్పు. ఆహారవిహారములలోను, పనిలోను, నిద్రలోను మితము తప్పనివానికే యోగము దుఃఖమును పోగొట్టునని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున సెలవిచ్చెను. అందు విహారము కూడ చేరియుండుట గమనింపదగినది. దానిని వలదనలేదు, మితమనెను.

అయితే స్థపతి వెంటనే మూట కట్టుకొని పోవచ్చునా? అంత తేలిక కాదు. ఇచ్చట సుగ్రీవుని కథ వచ్చును. వాలివధానంతరము కిష్కింధ సుగ్రీవుని చేతికి వచ్చినది. సీతాన్వేషణము ఆతడు రామునికిచ్చిన మాట. భార్య నెడబాసి క్షణమొక యుగముగా గడుపుచున్న రాముడు ఆ క్షణమే బయలుదేరుమని యుండవచ్చును. ఆయన అట్లనలేదు. శ్రావణము వచ్చినది, ఈ వర్షర్తువు నాలుగు నెలలు ప్రయత్నమునకు తగినవి కావు, నీవు నగరము ప్రవేశించి నీవారితో నుండుము, నేను తమ్మునితో ఈ కొండపై నుందును, కార్తికము రాగానే పని కుపక్రమింపుమని సెలవిచ్చెను. తాను భార్య లేక గుహలో నుండి, అన్యునికి భార్యతో గడుపుటకు నాలుగు నెలలిచ్చిన యజమాని మరియొకడు కలడా! సెలవు నడుగుటకు జంకువారును, ఇచ్చుటకు వెనుదీయువారును ఈ ఘట్టమును చదువవలెను.

సుగ్రీవుని తప్పు ఇంటికి పోవుట కాదు, గడువును మరచుట. హనుమంతుడు గుర్తుచేసిన మీదట, సేనలను పదునైదు దినములలో కూర్చుమని నీలున కాజ్ఞాపించి మరల అంతఃపురము చేరెను. లక్ష్మణుడు వింటినారి మ్రోగించుచు వచ్చు వరకు కదలలేదు. తార ఎదురేగి శాంతింపజేయవలసి వచ్చెను. పర్ణశాలకు పోవువాడు తిరిగి వచ్చు దినమును కూడ నిర్ణయించుకొని, దానిని ఇంటివారికిని పనివారికిని ముందే చెప్పి పోవలెననుటకు ఇంతకంటె వేరు సాక్ష్యమక్కరలేదు.

ఆగరాని పనులును కలవు. సేతువును నలుడు అయిదు దినములలో కట్టెను: మొదటి దినమున 14 యోజనములు, పిదప 20, 21, 22, 23. దినదినము వేగము పెరిగినదే కాని తగ్గలేదు. అవతలి యొడ్డున అశోకవనములో ఒక ప్రాణము గడువు లెక్కించుకొనుచున్నది గనుక వానరులు ఊపిరి తిప్పుకొనలేదు. గోపురములోను ఇట్టి గడియలు రావచ్చును. పరంజా ఒరిగినప్పుడు, వాన ముంచుకొని వచ్చుచుండగా పచ్చిపూత ఆరకున్నప్పుడు, తప్పిన కొలతపై బరువు పడుచున్నప్పుడు పది దినముల సెలవు ముచ్చట ఎత్తువాడు స్థపతి కాడు. తప్పిన మూలను సరిదిద్ది, ప్రమాదము తొలగించి, పిదప బయలుదేరవలెను. మూడు దినములు ఆలస్యమైనచో ఆ సంగతి భార్యతో స్పష్టముగా చెప్పి, ఆ మూడు దినములను తరువాత చేర్చి యియ్యవలెను. కాని ప్రాణాపాయమునకును, పత్రికలో అచ్చుపడిన తేదీకిని భేదము తెలియవలెను. తేదీ సేతువు కాదు.

ఈ తేదీలను గూర్చి దాతలును ధర్మకర్తలును ఆలోచింపవలసియున్నది. పని ముగియు దారి కానరాక ముందే ముహూర్తము పెట్టుట, ఫలానా పెద్దలు వత్తురని ప్రకటించుట, పిదప స్థపతిని రాత్రింబవళ్ళు తొందరించుట నేడు ఆచారముగా మారినది. శిలాఫలకముపై దాతల పేర్లుండును. రెండు దీపావళులకు ఇల్లు చూడని మేస్త్రీ పేరుండదు. పోనిండు, పేరు వలదు. పది దినములు పోయి వచ్చినచో ఆ దినముల కూలి పోవునను భయము లేకుండ చేయవచ్చును గదా! స్థపతికైన కొంత నిలువ యుండును. నీరు మోయు స్త్రీకి, ఇటుకలందించు కుర్రవానికి సెలవన్నచో పస్తు. హుండీలో వేయు కానుకలలో ఒక పాలు ఈ సెలవు దినములకై వెచ్చించిన ట్రస్టు వారి గోపురము ఏమియు పొట్టిపడదు.

వేచియుండుట వలన గోపురములు చెడవనుటకు శ్రీరంగమే నిదర్శనము. అచ్చటి దక్షిణపు రాజగోపురము విజయనగర రాజుల కాలమున మొదలై, క్రింది రాతికట్టడముతోనే ఆగి, రాయగోపురమను పేర సుమారు నాలుగు శతాబ్దములు మొండిగా నిలిచినది. అహోబిలమఠ 44వ జీయరుగారి పూనికచే 13 అంతస్తులతో, 236 అడుగుల ఎత్తున, 1987లో సంపూర్ణమై ప్రతిష్ఠ నందినది. నాలుగు వందల యేండ్లు మొండిగోపురము క్రిందుగానే భక్తులు లోనికేగి రంగనాథుని సేవించిరి. స్వామి వారి సేవను అందుకొనుచునే యుండెను. పది దినములకు ఆయన అలుగునా?

ఆ శ్రీరంగముననే మరియొక వృత్తాంతము చెప్పుదురు. తిరుమంగై ఆళ్వారులు ఆలయ ప్రాకారము కట్టించుచుండగా, కొలతదారము తిన్నగా పోవు చోట తొండరడిప్పొడి ఆళ్వారులు మాలలు కట్టుకొను తోట అడ్డువచ్చెను. కైంకర్యము పెద్దది, తోట చిన్నది. అయినను ఆళ్వారులు తోటను తొలగింపలేదు, గోడను ప్రక్కకు త్రిప్పిరి. రాతిగోడ వంగినది! వాస్తువు ఎరిగినవారికి ఇది ఎంత కష్టమో తెలియును. అడ్డు వచ్చిన దానిని చూచుటకు ఆయన దారము వెంట నడచి వచ్చెను గనుకనే గోడ వంగినది. దూరమున కూర్చుండి ఆజ్ఞలిచ్చెనేని తోట పోయి యుండెడిది. ఇంటి విషయము కూడ ఇట్టిదే. చూచినవానికి గాని వంగవలసిన చోటు తెలియదు.

పాకలో గడుపు పది దినములను గూర్చియు ఒక మాట. శరీరము తోటలో నుండి, మనస్సు అయిదవ అంతస్తుపై తిరుగుచుండినచో ఆ పోక వ్యర్థము. నేడు చేతిలోని ఫోను ఆ పని మరింత సులభము చేసినది. పిల్లవాడు ఉసిరికాయ కోసి తెచ్చి చూపుచుండగా తండ్రి పరంజా ఛాయాచిత్రమును చూచుచుండును. చిత్రకూటములో రాముడెట్లున్నాడో చూడుడు. రాజ్యము పోయినది, తండ్రిని విడిచి వచ్చిన బాధ ఉన్నది. అయినను సీతకు ఆ కొండ రంగులను, చెట్లను, పక్షులను, మందాకినిలో స్నానమాడు మునులను ఒక్కొక్కటిగా వ్రేలితో చూపించెను. ఈ ఏరును, ఈ కొండను, నిన్నును తమ్ముని కలిగియుండగా అయోధ్యను కోరననెను. వాల్మీకి దీనికై రెండు సర్గలు వెచ్చించెను. కథ నడుపు తొందర ఆయనకు లేకపోయెను.

ఆ సర్గల వెంటనే దుమ్ము లేచినది, అడవిమృగములు బెదరి పరుగెత్తినవి. భరతుని సేన వచ్చుచున్నది. రాజ్యభారమే కాలినడకన పర్ణశాల ముంగిటికి వచ్చెను. అయోధ్య రాజు లేక అల్లాడుచున్నది. మంత్రులు, గురువులు, తల్లులు అందరును రమ్మనిరి. రాముడు విననొల్లననలేదు, అందరి మాటయు విని, రాజ్యము నడుపవలసిన తీరును గూర్చి భరతుని కుశలప్రశ్నల రూపమున అడిగి తెలిసికొని, చెప్పవలసినదంతయు చెప్పెను. కాని తండ్రి కిచ్చిన మాట గడువు తీరు వరకు కదలననెను. రాజ్యము నిలుచుటకు పాదుకల నిచ్చెను. భరతుడు వానిని శిరమున దాల్చి, నందిగ్రామమున సింహాసనముపై నుంచి, తాను జటావల్కలములు ధరించి, ప్రతి రాజకార్యమును ముందుగా ఆ పాదుకలకు విన్నవించి, పదునాలుగేండ్లు అయోధ్య పనులను నడిపెను.